విత్తనానికి వంశావళి: డి.ఎన్.ఏ. గుర్తులతో పంటరకాలను పోల్చుకొనే విధం

తెలుగు బోధించే మేము వ్యవసాయ విజ్ఞానాన్ని గురించి వ్రాయబూనడం చూచి మా విద్యార్థినీ విద్యార్థులు కొందరు ఆశ్చర్యపోవచ్చును. వృక్షశాస్త్రంలో మాకు పట్టా లేదు. ఇంటర్మీడియట్‌తోనే ఆ శాస్త్రానికీ మాకూ సంబంధం తెగిపోయినది. అయినను ఈ వ్యాసానికి పూనుకోవడానికి ఒక కారణం ఉన్నది. 2017 సార్వాలో, గుంటూరు జిల్లాలో సేద్యం చేసుకొనే మా మేనమామగారు మమ్మల్ని తమ పొలం గట్టుమీద నిలబెట్టి ఒక ప్రశ్న అడిగారు. దానికి ఆనాడు మేము సమాధానం చెప్పలేకపోయాము.

ఆ యేడు ఆయన నాలుగు ఎకరాలలో సాంబ మసూరి వేశారు. విత్తనం సంచులలో కొన్నదే. సంచిమీద పేరూ ముద్రా అన్నీ ఉన్నవి. నారు ఏపుగా పెరిగినది, నాట్లు సకాలంలో పడినవి. పొట్టదశకు వచ్చేసరికి చేను రెండు రకాలుగా కనిపించసాగినది. కొన్ని దుబ్బులు తక్కినవాటికంటె మూరెడు ఎత్తు లేచి, ఇంచుమించు ఇరవై రోజులు ముందుగానే వెన్ను తీసినవి. ఇట్టి మొక్కలను మన రైతులు బెరుకులనీ, కేళీలనీ అంటారు. అక్కడక్కడ ఒకటి రెండు ఉంటే పెరికివేస్తారు. ఐదు దుబ్బులలో ఒకటి బెరుకే అయినప్పుడు పెరికితే చేనులో మిగిలేది ఎంత? ముందు పండినవి రాలిపోతూ ఉంటే వెనుకవి అప్పుడే పాలు పోసుకొంటున్నవి. కోత ఎప్పుడు పెట్టుకోవాలో తెలియదు. రెండు రకాలు కలిసిన ధాన్యానికి సన్నరకం ధర ఎవరూ ఇవ్వరు.

"బేటా, నువ్వు ఎమ్మే చదివావు గదా. ఇది బీపీటీయేనా, ఇంకోటా? కాగితం మీద రాసిచ్చే వాళ్లెవరన్నా ఉన్నారా, చెప్పు" అన్నారు మామూజాన్.

మేము నోరు మెదపలేకపోయాము. విత్తనం అమ్మిన వ్యాపారి మాత్రం తడుముకోలేదు. "మీ పొలంలోనే నిరుడు రాలిన గింజలు మొలిచి ఉంటాయి" అని ఒక్కమాటతో తేల్చివేశాడు. ఆ మాట తప్పని చెప్పడానికి మామూజాన్ దగ్గర ఒక్క గింజ కూడా మిగలలేదు. ఉన్నదంతా నారుమడిలో చల్లివేశారు. బిల్లు అన్నది వట్టి తెల్లకాగితపు ముక్క. నష్టం ఎంతో ఆయన మాతో ఎన్నడూ చెప్పలేదు. మరుసటి వేసవిలో జరుగవలసిన వారి అమ్మాయి నికా ఒక యేడాది వెనుకకు పోయినది. దానినిబట్టి మేమే లెక్క కట్టుకొన్నాము.

ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదివినదీ, మా కళాశాల వృక్షశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాము.

ఒక రకాన్ని మరొక రకం నుండి వేరుచేయడానికి మనిషికి మొదటినుండి ఉన్న సాధనం కన్ను. అది తక్కువ సాధనమేమీ కాదు. మొక్క మొదట ఆకుతొడిమ రంగు, ఆకు వాలు, వెన్ను పొడవు, గింజ కొసను మీసం ఉన్నదా లేదా, పొట్టు బంగారువన్నెయా గడ్డివన్నెయా అన్నవి అనుభవజ్ఞుడైన రైతు నడుస్తూనే చెప్పగలడు. శాస్త్రజ్ఞులు ఈ చూపునే క్రమబద్ధం చేశారు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం క్రింద కొత్త వరి రకాన్ని నమోదు చేయించాలంటే అరవైకి పైగా లక్షణాలు ఒక్కొక్కటే చూచి వ్రాయవలసి ఉంటుంది. రకం తక్కినవాటికంటె భిన్నంగా ఉండాలి, చేనంతా ఒకే తీరుగా ఉండాలి, తరం మారినా ఆ తీరు మారకుండా ఉండాలి. మూడూ తేలితేనే నమోదు.

అయితే కంటికి రెండు చిక్కులు. ఒకటి కాలం. మీసమో వెన్నో చూడాలంటే మొక్క ఈనేదాకా ఆగాలి. అప్పటికి పెట్టుబడి అంతా మట్టిలో కలిసి ఉంటుంది. రెండవది, నీరూ ఎరువూ ఎండా మారితే లక్షణాలూ కొంత మారుతవి. మంచి పదునులో పొడవుగా పెరిగిన మొక్కను చూచి వేరు రకమని భ్రమపడవచ్చు. మరకు పోయివచ్చిన బియ్యం మాట చెప్పనే అక్కరలేదు. పొట్టుతోపాటే సగం ఆనవాళ్లు పోయినవి, తవుడుతో తక్కినవి పోయినవి. తెల్లని గింజ మిగిలినది. దాని పొడవు, వెడల్పు కొలువవచ్చు, ఉడికించి చూడవచ్చు, వాసన చూడవచ్చు. అంతకుమించి కన్ను చేయగలిగినది లేదు.

ఇక్కడినుండి మా విద్యలోని ఒక ఉపమానం తీసుకొంటాము. శాస్త్రజ్ఞులు మన్నింతురు గాక.

పూర్వం కావ్యాలు తాళపత్రాలమీద ఉండేవి. ఒకరి ప్రతిని చూచి మరొకరు వ్రాసుకొనేవారు. వ్రాసేటప్పుడు లేఖకుడు ఒక అక్షరం జారవిడిచేవాడు, ఒక పాదం రెండుసార్లు వ్రాసేవాడు. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటిలోను ఆ తప్పు దిగేది. సి.పి. బ్రౌన్ మొదలైనవారు పండితులను కూర్చోబెట్టి ప్రతులను పక్కపక్కన పెట్టించి పాఠాంతరాలు చూపించినది ఇందుకే. రెండు ప్రతులలో ఒకేచోట ఒకే విచిత్రమైన తప్పు కనిపిస్తే ఆ రెండింటికీ మూలం ఒకటేనని ఊహించవచ్చు. ఒప్పు ఎవరైనా స్వతంత్రంగా వ్రాయగలరు. అదే తప్పును అదేచోట ఇద్దరు విడివిడిగా చేయడం అరుదు. ప్రతుల వంశవృక్షాన్ని పట్టి ఇచ్చేవి ఆ తప్పులే.

డి.ఎన్.ఏ. అట్టి ఒక ప్రతి. ప్రతి జీవకణంలోను ఉంటుంది. కణం రెండైనప్పుడల్లా మళ్లీ వ్రాయబడుతుంది. దాని లిపిలో అక్షరాలు నాలుగే. వాటిని ఎ, టి, జి, సి అని పిలుస్తారు. వరి విషయంలో ఈ గ్రంథం పన్నెండు సంపుటాలు, అనగా పన్నెండు క్రోమోజోములు. మొత్తం అక్షరాలు సుమారు 39 కోట్లు. ఆ గ్రంథాన్ని అంతర్జాతీయ బృందం ఒకటి ఆద్యంతం చదివి 2005లో ప్రకటించినది. పదకొండవ క్రోమోజోములో కొంతభాగం చదవడం మన దేశపు వంతు.

ఈ గ్రంథంలో కొన్నిచోట్ల చిత్రమైన పునరుక్తి ఉంటుంది. జి, ఎ అనే జంట ఆగకుండా పది, పదిహేను, ఇరవై మారులు వస్తుంది. 'గణగణగణగణ' అని ఇరవై మారులు ఉన్న పంక్తిని చూచి వ్రాయమంటే ఎంత జాగ్రత్త గల లేఖకుడైనా లెక్క తప్పుతాడు. ఒకడు పంతొమ్మిది వ్రాస్తాడు, ఒకడు ఇరవైఒకటి. కణంలోని లేఖకుడూ అంతే. అందువల్ల ఇట్టి చోట్ల ఒక్కొక్క రకంలో ఒక్కొక్క లెక్క నిలిచిపోయినది. ఈ పునరుక్తి స్థానాలనే సూక్ష్మ ఉపగ్రహాలు అని అర్థం వచ్చే మైక్రోశాటిలైట్లు అనే పేరుతో పిలుస్తారు. ఆకాశంలోని ఉపగ్రహాలతో వీటికి ఏ సంబంధమూ లేదు. పేరు పెట్టినవారు మా పరీక్షలో మార్కులు పోగొట్టుకొని ఉండేవారు. వరిలో ఇట్టి స్థానాలు వేలకొలది ఉన్నవి. శాస్త్రజ్ఞులు వాటికి ఆర్.ఎం. అనే అక్షరాలతో వరుస సంఖ్యలు ఇచ్చారు. ఒక్కొక్క స్థానం ఒక్కొక్క గుర్తు, మార్కరు.

పదిహేను మారులా, పంతొమ్మిది మారులా అన్నది చూడడం ఎట్లా? చిటికెడు ఆకు చాలు. గింజ అయినా, బియ్యపుపిండి అయినా సరే. దానిని నూరి, రసాయనాలతో కడిగి డి.ఎన్.ఏ.ను వేరుచేస్తారు. మనకు కావలసిన స్థానానికి అటూ ఇటూ ఉండే ఇరవై అక్షరాల ముక్కలను ముందుగానే తయారుచేసి పెట్టుకొంటారు. వీటిని ప్రైమర్లంటారు. తాళపత్రపు కట్టలో 'ఈ పద్యం మొదలు, ఈ పద్యం చివర' అని రెండు దారాలు పెట్టినట్లు. తరువాత 1983లో అమెరికాలో కేరీ ముల్లిస్ కనిపెట్టిన పద్ధతి ఉన్నది. ద్రావకాన్ని 94 డిగ్రీలకు వేడిచేస్తే జంట పోగులు విడిపోతవి. 55 డిగ్రీల ప్రాంతానికి చల్లార్చితే ప్రైమర్లు తమ చోట్లను పట్టుకొంటవి. 72 డిగ్రీల దగ్గర ఎంజైము ఆ రెండు దారాల మధ్యనున్న భాగాన్ని మాత్రం మళ్లీ వ్రాస్తుంది. ఒక ఆవృత్తికి ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతవి. ముప్పది ఆవృత్తులకు లెక్క వేసి చూడండి, నూరు కోట్లు దాటుతుంది. కొద్ది గంటల పని.

ఆ ద్రావకాన్ని జెల్లీవంటి పలకకు ఒక చివర పోసి విద్యుత్తు ఇస్తారు. డి.ఎన్.ఏ.కు ఋణావేశం కనుక ధనధ్రువం వైపు పరుగుతీస్తుంది. చిన్న ముక్క ముందుకు పోతుంది, పెద్దది వెనుకబడుతుంది. పదిహేను మారులున్న ముక్క పంతొమ్మిది మారులున్న దానికంటె ఎనిమిది అక్షరాలు చిన్నది. ఆ మేరకు ముందు నిలుస్తుంది. రంగు అద్ది చూస్తే సన్నని పట్టీలుగా కనిపిస్తవి. నేడు పెద్ద ప్రయోగశాలలలో పలకకు బదులు వెంట్రుకవంటి గొట్టాలు, మెరిసే రంగులు, కొలిచే యంత్రాలు వచ్చినవి. సూత్రం అదే.

ఈ విద్య ఒక్కనాడు పుట్టినది కాదు. 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో ఎలెక్ జెఫ్రీస్ మనుషులను డి.ఎన్.ఏ. పట్టీలతో గుర్తించే పద్ధతి చూపించారు. మన దేశంలో దానిని నెలకొల్పినవారు హైదరాబాదులో పనిచేసిన లాల్జీ సింగ్. మొక్కలకు మొదట వాడిన పద్ధతులు కొన్ని శ్రమతో కూడినవి. 1990లో వచ్చిన ఒకటి చౌకయే గాని, ఒక ప్రయోగశాలలో వచ్చిన ఫలితం మరొకచోట రాకపోయేది. సాక్షి ఊరూరా మాట మారిస్తే న్యాయస్థానంలో ఏమి లాభం? మైక్రోశాటిలైట్లకు ఆ దోషం తక్కువ. ఇప్పుడు ఒక్క అక్షరపు తేడాలను వేలకొలదిగా ఒకేసారి చూచే పద్ధతులూ వచ్చినవి.

ఎన్ని గుర్తులు చూడాలన్నది మరొక ప్రశ్న. ఒక్కొక్క చోట ఐదు రూపాలు ఉండవచ్చునని అనుకొందాము. ఎనిమిది చోట్లు చూస్తే వచ్చే కలయికలు 3,90,625. మన రకాల సంఖ్యకు అది చాలా ఎక్కువే. కాని ఈ లెక్కను నమ్మి నిద్రపోరాదు. పంటరకాలు బంధువులు. ఒకే తల్లిదండ్రుల నుండి తీసిన అన్నదమ్ములు ఎనిమిది చోట్లా ఒకే తీరుగా ఉండవచ్చు. కనుక ఏ రకాలను వేరుచేయాలో ముందు తెలుసుకొని, వాటి మధ్య తేడా చూపించే స్థానాలను ఏరుకోవాలి. సాక్షి అబద్ధం చెప్పడు, అడిగినదానికే జవాబు చెబుతాడు.

ఈ సాక్షిని ప్రపంచం అంతా పిలిచిన పెద్ద వ్యాజ్యం బాస్మతిది. మన ఇండ్లలో వలీమాకు వండే బిర్యానీ బియ్యం కనుక చదువరులకు దానిమీద అభిమానం ఉండకతప్పదు. ఈ వ్యాజ్యంలో హైదరాబాదుకు భాగం ఉండడం మాకు మరింత ఇష్టమైన సంగతి.

బాస్మతి హిమాలయ పాదాల దిగువ మైదానాల ధాన్యం. 1766 నాటి వారిస్ షా 'హీర్' కావ్యంలో దాని ప్రస్తావన ఉన్నదని ఉర్దూ శాఖలోని మా మిత్రులు గుర్తుచేశారు. పాత బాస్మతులలో ప్రసిద్ధమైన 'బాస్మతి 370' అనే రకాన్ని 1933లో నేటి పాకిస్తాన్‌లోని కాలా షా కాకూ పరిశోధనస్థానంలో ఎంపికచేశారు. 1947 తరువాత ఒకే విత్తనం సరిహద్దుకు రెండువైపులా మొలిచినది. దాని పట్టీలను చూచి ఇది అమృత్‌సర్‌దో లాహోర్‌దో ఎవరూ చెప్పలేరు.

పాత రకాలు పొడుగువి, దిగుబడి తక్కువ. వాటిని పొట్టిరకాలతో సంకరం చేసి 1989లో పూసా బాస్మతి 1 తెచ్చారు. తరువాత మరికొన్ని వచ్చినవి. బాస్మతికి విదేశాలలో మామూలు సన్నబియ్యానికి రెండు మూడింతల ధర. ధరలో అంత తేడా ఉన్నచోట కల్తీ రాకుండా ఉంటుందా? పొడుగు గింజల చౌక బియ్యాన్ని కలిపి బాస్మతి అని అమ్మడం పెరిగినది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ దుకాణాలలోని బియ్యాన్ని డి.ఎన్.ఏ. పద్ధతితో పరీక్షింపజేసి 2004లో ఫలితాలు ప్రకటించినది. బాస్మతి పేరుతో అమ్మిన నమూనాలలో నూటికి 46 పాళ్లలో బాస్మతి కాని బియ్యం కలిసి ఉన్నది. 17 పాళ్లలో ఆ కల్తీ ఇరవై శాతానికి మించినది. మరుసటి యేడు అక్కడి వర్తకులు ఒక నియమావళికి ఒప్పుకొన్నారు. పొలంలోను, మరలోను పొరపాటున కలిసేది ఏడు శాతం దాటరాదన్నది అందులో ఒక షరతు. ఐరోపా దేశాలు కూడా దిగుమతి సుంకపు రాయితీని ఆమోదించిన బాస్మతి రకాలకే పరిమితం చేసి, డి.ఎన్.ఏ. పరీక్షను అడిగినవి.

అంతకుముందే హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ కేంద్రంలో జె. నాగరాజు గారి బృందం ఈ పనిలో దిగినది. పాత బాస్మతులను, కొత్త బాస్మతులను, బాస్మతి కాని రకాలను పక్కపక్కన పెట్టి వారు చేసిన పరిశోధన 2002లో వెలువడినది. వరి శాస్త్రవేత్త ఇ.ఎ. సిద్దిక్, ఆనాటి ఆ కేంద్రపు సంచాలకులు సయ్యద్ ఇ. హస్నైన్ గారలు ఆ పరిశోధనలో సహరచయితలు. మా విద్యార్థులు ఈ పేర్లు గుర్తుంచుకోవాలని మా కోరిక. తరువాత అదే బృందం ఎనిమిది మైక్రోశాటిలైట్ గుర్తులను ఒకే గొట్టంలో చూచే పరీక్షను రూపొందించినది. బియ్యాన్ని పిండిచేసి అందులోని డి.ఎన్.ఏ.ను కొలిస్తే బాస్మతి పట్టీ ఎంత బలంగా ఉన్నది, పరాయి పట్టీ ఎంత బలంగా ఉన్నది అన్నదానినిబట్టి నూటికి ఎన్ని పాళ్లు కల్తీయో కూడా తెలుస్తుంది.

ఇక్కడ పరిమళం మాట చెప్పకుండా ముందుకు పోలేము. బాస్మతి వాసనకు ముఖ్యకారణమైన రసాయనం 2-ఎసిటైల్-1-పిర్రోలిన్ అని 1980 దశకం మొదట తేలినది. మొగలి కుటుంబానికి చెందిన ఒక ఆకులోనూ అదే ఉన్నది. 2005లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దాని మూలాన్ని ఎనిమిదవ క్రోమోజోములో పట్టుకొన్నారు. ఒక జన్యువులో ఎనిమిది అక్షరాలు లోపించినవి. ఆ జన్యువు సరిగా ఉంటే వాసనకు ముడిసరుకైన పదార్థాన్ని ఖర్చుచేసివేస్తుంది. చెడిపోతే ఆ పదార్థం మిగిలిపోయి పరిమళంగా మారుతుంది. మనం మెచ్చుకొనే సుగంధం ఒక లేఖకదోషం! అయితే ఇక్కడే కొత్తవారు పొరపాటు పడతారు. వాసన జన్యువు ఉన్నదంటే బాస్మతియే అనుకొంటారు. థాయిలాండ్ జాస్మిన్ బియ్యంలోనూ అదే ఎనిమిది అక్షరాల లోపం ఉన్నది. కుటుంబం వేరు, గింజ వేరు, అన్నం తీరు వేరు. ఒక్క గుర్తునే నమ్మితే రెండూ ఒకటే అయిపోతవి. ప్రతుల విషయంలోనూ ఒక్క పాఠాంతరంతో వంశం తేల్చేవారిని మా గురువులు మందలించేవారు.

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి ఉన్నది. ఆలోచించినకొద్దీ మాకు అదే అసలు విషయమనిపించినది. డి.ఎన్.ఏ. ఒక నమూనా మరొక నమూనాతో సరిపోలినదా లేదా అని చెబుతుంది. దానికి పేరు చెప్పడం దానికి రాదు. పేరు మనం పెట్టవలసినదే.

పూసా 1121 అనే రకం కథ చూడండి. ఉడికితే అసాధారణంగా పొడుగు సాగే గింజ అది. 2003లో విడుదలైనది. అప్పుడు దానికి చట్టంలో బాస్మతి అనే పేరు లేదు; సుగంధ రకాలలో ఒకటిగా మాత్రమే లెక్క. 2008లో బాస్మతి నిర్వచనాన్ని సవరించి దానిని బాస్మతిగా ప్రకటించారు. ఈ ఐదేండ్లలో ఆ మొక్క డి.ఎన్.ఏ.లో అక్షరమైనా మారలేదు. మారినది గెజెట్టు. మొదట 'బాస్మతి కాదు' అన్న పట్టీలే తరువాత 'బాస్మతి' అన్నవి.

ఊరి సంగతీ అంతే. 2016లో బాస్మతికి భౌగోళిక గుర్తింపు లభించినది. పంజాబు, హర్యానా, ఢిల్లీ, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్, జమ్మూ ప్రాంతంలో కొంతభాగం దాని ఎల్లలు. అదే విత్తనాన్ని మధ్యప్రదేశ్‌లో వేస్తే పట్టీలు ఒక్కటే; పేరు మాత్రం దక్కదు. దానిపై ఆ రాష్ట్రం న్యాయస్థానాలకెక్కినది కూడా. మన గోదావరి గట్టున వేసినా పట్టీలు అవే వస్తవి. మట్టిని, నీటిని, రాత్రి చలిని డి.ఎన్.ఏ. చదవదు. అంతకుముందు 1997లో అమెరికాలోని టెక్సస్ సంస్థ ఒకటి బాస్మతి రకాలపై పేటెంటు పొందినప్పుడు భారతదేశం అభ్యంతరం చెప్పవలసి వచ్చినది. 2001 నాటికి అందులోని దావాలు చాలవరకు వీగిపోయినవి. అక్కడ కూడా పోరాటం 'ఈ పేరు, ఈ లక్షణాలు ఎవరివి' అన్నదానిపైనే.

బాస్మతి ఉత్తరాదిది. మా మామూజాన్ చేనులోని సాంబ మసూరి మనది. బాపట్లలో రూపుదిద్దుకొని 1986లో విడుదలైనది. రైతులు దానిని బీపీటీ 5204 అనే అంకెతో పిలుస్తారు. గింజ నాజూకు, అన్నం రుచి. కాని బాక్టీరియా ఎండాకు తెగులు సోకితే తట్టుకోలేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయము కలిసి ఈ లోపం తీర్చడానికి పూనుకొన్నవి. తెగులును తట్టుకొనే మూడు జన్యువులను వేరే రకం నుండి సంకరం చేసి, ప్రతి తరంలోను పిల్లమొక్కల ఆకు తీసి డి.ఎన్.ఏ. గుర్తులు చూచి, ఆ మూడూ ఉండి తక్కినదంతా సాంబ మసూరిని పోలిన మొక్కలను మాత్రమే ముందుకు నడిపించినవి. 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైనది. ఇది జన్యుమార్పిడి పంట కాదు; పాత సంకరమే, చూపు మాత్రం కొత్తది.

మెరుగుపరచిన సాంబ మసూరి, పాత సాంబ మసూరి గింజలను అరచేతిలో పోస్తే ఎవరూ వేరుచేయలేరు. ఏవో ఎనిమిది గుర్తులు చూచినా రెండూ ఒకటేనని రావచ్చు. తెగులు జన్యువులు ఉన్న ఆ మూడు చోట్ల చూస్తేనే తేడా తెలుస్తుంది. 'ఎనిమిది చోట్ల సరిపోయినది కనుక ఇదీ అదీ ఒకటే' అనేవారి తొందరపాటుకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

సంకర విత్తనాల విషయంలో ఈ పరీక్ష ఇంకా సులువు. తల్లికి ఒక పట్టీ, తండ్రికి ఒక పట్టీ ఉండే స్థానాన్ని ఏరుకొంటే, నిజమైన సంకరంలో రెండు పట్టీలూ కనిపిస్తవి. తల్లి మొక్క తనంతట తానే కట్టిన గింజ అయితే ఒకటే కనిపిస్తుంది. పూర్వం ఈ స్వచ్ఛతను తేల్చడానికి విత్తనాన్ని ఒక పంటకాలమంతా పెంచి చూడవలసి వచ్చేది. అంతవరకు సరుకు గిడ్డంగిలో ఉండాలి. ఇప్పుడు మొలకల ఆకుతో కొద్దిరోజులలో తేలుతుంది. ధృవీకరించిన సంకర వరిలో నూటికి 95, సంకర పత్తిలో నూటికి 90 నిజమైనవి ఉండాలని ప్రమాణం. మామూలు వరి రకాలలో 98 ఉండాలి. మామూజాన్ చేనులో ఎనభైకి మించలేదు.

అయితే ఆనాడు మేము ఆ బెరుకుల ఆకు కోసి ప్రయోగశాలకు పంపి ఉంటే ఏమయ్యేది? అది సాంబ మసూరి కాదని రూఢిగా కాగితంపై వచ్చేది. వ్యాపారి అది కాదనలేదు గదా! అవి ఎక్కడనుండి వచ్చినవన్నదే తగవు. సంచిలోనుండి వచ్చినవా, నేలలోనుండి వచ్చినవా అన్నది ఆకు చెప్పదు. సంచిలోని గింజలు పిడికెడు ఉంటే, వాటిలోనూ అవే పరాయి పట్టీలు కనిపిస్తే, అప్పుడు నోరు మూతపడేది వ్యాపారిది. ప్రతి ఎంత పాతదైనా పోల్చడానికి మరొక ప్రతి లేకపోతే పాఠం తేలనట్లే ఇదీ.

చట్టం రైతును ఈ విషయంలో బొత్తిగా వదిలివేయలేదు. మాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసినది. ఆంధ్రప్రదేశ్ రైతులు కొందరు నాసి విత్తనంపై వేసిన వ్యాజ్యంలో 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, అతడు వినియోగదారుల న్యాయస్థానానికి పోవచ్చునని అన్నది. కొన్న విత్తనమంతా చల్లుకొనే రైతు పరీక్షకోసం నమూనా దాచి ఉంచాలని ఆశించడం న్యాయం కాదని కూడా అన్నది. 2001 చట్టం క్రింద నమోదైన రకమైతే, అమ్మినవారు ఏ పరిస్థితులలో ఎంత పండునో ముందుగా చెప్పాలి. చెప్పినట్లు పండకపోతే రైతు పరిహారం అడుగవచ్చు. ఈ రెండింటికీ బిల్లు, సంచికి కుట్టిన చీటీ ప్రాణం. తెల్లకాగితం పనికిరాదు.

తీర్పు సంగతి మామూజాన్‌కు చదివి వినిపించాము. శ్రద్ధగా విన్నారు. "జడ్జీగారు మంచిమాటే చెప్పారు బేటా. కానీ ఆయన నా పొలం గట్టుమీద ఉండడు గదా" అన్నారు. ఆ తరువాత వారి ఇంటికి పోయినప్పుడు గోడగూటిలో హార్లిక్స్ సీసాలు మూడు కనిపించినవి. ఒక్కొక్కదానిలో పిడికెడు విత్తనాలు, వేపాకు, సంచినుండి కత్తిరించిన చీటీ. మూతలపైన యేడూ, దుకాణం పేరూ ఉర్దూలో మా మేనమామ కూతురు వ్రాసిపెట్టినది.